బీటెక్ అయ్యింది... తర్వాతేంటి?

మన ఇళ్ళల్లో చదువు "పూర్తవడం" అనేది ఉండదు. పదో తరగతి అవ్వగానే ఇంటర్ ఎక్కడ, ఇంటర్ సగంలో ఉండగానే ఎంసెట్ సంగతేంటి (ఇప్పుడు దాని పేరు మారింది లెండి, భయం మాత్రం అదే), ఇంజనీరింగ్ మూడో ఏడు నడుస్తుండగానే "తర్వాతేంటి?". మిగతా ప్రశ్నలు పరీక్షలతో పోతాయి. ఈ చివరిది మాత్రం ఉద్యోగం వచ్చినా వదలదు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దాయన, ఆకులో పప్పు పడకముందే అడుగుతాడు, "అయితే బాబూ, నువ్వు ఎమ్మెస్‌కి వెళ్ళలేదా?" అని. వెళ్ళలేదండీ అంటే ఆయన మొహంలో ఒక జాలి కనిపిస్తుంది. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాను, ఆ జాలి నాకు అలవాటైపోయింది :)

ఈమధ్య ఆ ప్రశ్న తిరగబడింది. ఆఫీసులో రెండు మూడేళ్ళ అనుభవం ఉన్న పిల్లలు కాఫీ మెషీను దగ్గర నన్ను పట్టుకుని అడుగుతున్నారు. "సార్, ఎంబీయే చెయ్యమంటారా, ఎమ్మెస్ చెయ్యమంటారా, ఎంటెక్ చెయ్యమంటారా?" మూడూ ఒకే వాక్యంలో, టిఫిన్ సెంటర్లో ఇడ్లీనా, వడా, దోసా అన్నట్టు. నేను వెంటనే జవాబు చెప్పను. "ఇప్పుడు చేస్తున్న పనిలో నీకు నచ్చనిదేంటి?" అని అడుగుతాను. దీనికి అందరి దగ్గరా సమాధానం ఉంటుంది. మేనేజరు నచ్చలేదు. సపోర్టు ప్రాజెక్టులో వేశారు, రాత్రుళ్ళు ఫోన్లు. జీతం పెరగట్లేదు. క్లాస్‌మేటు డల్లాస్‌లో కారు పక్కన నిలబడి ఫొటో పెట్టాడు. ఇవన్నీ నిజమైన బాధలే, కాదనను. కాకపోతే వీటిల్లో సగానికి సగం ఉద్యోగం మారితే పోయే బాధలు. వాటికోసం రెండేళ్ళూ, ఒక ఎకరం పొలమూ అక్కర్లేదు.

నాకు అర్థమైనంతలో, మనం "మాస్టర్స్" అని ఒకే పేరుతో పిలుస్తున్నది ఒకే సరుకు కాదు. కొందరు పాఠం కొనుక్కుంటున్నారు. కొందరు దేశం కొనుక్కుంటున్నారు. కొందరు లైను మారడానికి టిక్కెట్టు కొనుక్కుంటున్నారు. ఇంకొందరు పెళ్ళి బయోడేటాలో ఒక వాక్యం కొనుక్కుంటున్నారు. దేనికదే. ఏది కొంటున్నామో తెలిసి కొంటే తప్పేం లేదు, కానీ బిల్లు మాత్రం అన్నిటికీ చదువు పేరు మీదే వస్తుంది. అక్కడే తిరకాసు.

నేను కొనుక్కున్నది పాఠం. 2004లో ఈసీఈతో బయటపడ్డాను. మన తెలుగు ఐటీలో సగంమంది కథే ఇది. చదివింది ఎలక్ట్రానిక్సో, మెకానికలో, సివిలో, చేసేది జావా. కంపెనీ వాళ్ళు మూడు నెలల ట్రైనింగులో సింటాక్స్ నేర్పి సీట్లో కూర్చోబెట్టారు. ఫర్ లూప్ వచ్చు, ఎస్‌క్యూఎల్ వచ్చు, అవి ఎందుకలా పని చేస్తాయో మాత్రం తెలీదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు ఒకటుందని తెలుసు, పక్క బ్రాంచి వాళ్ళ పుస్తకం అట్టమీద డైనోసార్ బొమ్మ ఉండేది. అంతవరకే మా పరిచయం.

మూడేళ్ళు గడిచాక నాకూ "తర్వాతేంటి" పట్టుకుంది. అందరితోపాటు 2007లో క్యాట్ రాశాను. అప్పట్లో ఇంకా కాగితం మీద రాసే పరీక్షే, 2009లో కదా కంప్యూటర్ మీదకి మార్చింది. 91 పర్సెంటైల్ వచ్చింది. ఇంట్లో వాళ్ళు 91 మార్కులనుకుని సంబరపడ్డారు. పాత ఐఐఎంలు మన లాంటి జనరల్ కేటగిరీ మగ ఇంజనీర్ని ఆ పర్సెంటైల్‌తో ఇంటర్వ్యూకి కూడా పిలవవని వాళ్ళకి చెప్పడానికి నాకు వారం పట్టింది. జీఆర్ఈ పుస్తకాలు కొన్నాను, ఆ పదాల చీటీలు బస్సులో బట్టీపట్టాను. ఈలోపు 2008 వచ్చింది, నాన్నగారి రిటైర్‌మెంటూ దగ్గరపడింది. ఉద్యోగం వదిలే ధైర్యం చెయ్యకూడని సమయం అనిపించింది. అప్పుడే బిట్స్ పిలానీ వాళ్ళ ఉద్యోగస్తుల ప్రోగ్రాంలో సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్‌లో చేరాను. ఉద్యోగం చేస్తూనే చదవాలి, నాలుగు సెమిస్టర్లు, చివరిదంతా ప్రాజెక్టు. ఫీజు నా జీతంలోంచే సర్దుకోగలిగాను, ఎవర్నీ చెయ్యి చాచి అడగలేదు.

ఆ రెండేళ్ళ గురించి గొప్పలు చెప్పను. చదువంతా దాదాపు సొంతంగానే. మధ్యలో పరీక్ష పుస్తకం మూసి రాయాలి, చివరి పరీక్ష పుస్తకం తెరుచుకుని రాయొచ్చు. తెరుచుకుని రాయొచ్చనగానే ఎంత తేలికో అనుకున్నాం. మొదటి పరీక్షకి జనం ట్రావెల్ బ్యాగుల్లో జిరాక్సులు మోసుకొచ్చారు, ఒకాయనైతే చక్రాల సూట్‌కేసే తెచ్చాడు. ప్రశ్నాపత్రం చూశాక తెలిసింది, సమాధానం ఏ పేజీలోనూ ఉండదని! మూడు గంటలూ పేజీలు తిప్పడంతోనే సరిపోయిన వాళ్ళు చాలామంది. రెండో సెమిస్టరు నుంచి అందరూ ఒక్కొక్క పుస్తకంతో వచ్చారు. మాతో చేరిన వాళ్ళలో సగంమంది మూడో సెమిస్టరుకి కనిపించలేదు. ఒకరికి పెళ్ళి, ఒకరికి ఆన్‌సైటు, ఒకరికి పాప పుట్టింది. వారాంతపు చదువుకి అసలు శత్రువు సిలబస్ కాదు, శనివారం.

డిగ్రీ వచ్చాక జీతం పెరిగిందా? లేదు. హెచ్ఆర్ వాళ్ళు సర్టిఫికెట్టు అప్‌లోడ్ చెయ్యమన్నారు, చేశాను. కథ అంతటితో సరి. కానీ డెడ్‌లాక్ గురించి చదివిన సెమిస్టర్లో ఒకటి జరిగింది. మా ప్రాజెక్టులో నెలాఖరు బిల్లింగు బ్యాచ్ రాత్రిపూట ఆగిపోతుండేది. ఏళ్ళ తరబడి దానికి ఒకటే మందు: "రీస్టార్ట్ చెయ్యి, పోతుంది". నిజంగానే పోయేది, వచ్చే నెల దాకా. ఆ పాఠంలో, ఒకరి దగ్గరున్న తాళం కోసం ఇంకొకరు ఎదురుచూడటం గుండ్రంగా తిరిగితే అందరూ ఆగిపోతారని, తాళాలు అందరూ ఒకే వరసలో తీసుకుంటే ఆ గుండ్రం ఏర్పడదని ఉంది. వెళ్ళి చూస్తే మా రెండు జాబులూ అవే రెండు టేబుళ్ళని ఒకటి ఇటు నుంచి, ఇంకోటి అటు నుంచి అప్‌డేట్ చేస్తున్నాయి! వరస మార్చాం. మార్చింది పది పన్నెండు లైన్లు. ఆ తర్వాత నెలాఖర్లలో ఫోను మోగలేదు. ఆ రోజు నుంచి ఆఫీసులో నేను మాట్లాడే పద్ధతి మారింది. "ఏమో, ఒకసారి రీస్టార్ట్ చేసి చూద్దాం" అనే మనిషిని కాకుండా పోయాను. దాని ఖరీదు ఎంతో లెక్కకట్టలేను కానీ, తర్వాత మారిన మూడు ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ నన్ను నిలబెట్టింది అదే.

"అవన్నీ ఇప్పుడు యూట్యూబులో ఉచితంగా ఉన్నాయి కదా సార్" అంటారు పిల్లలు. ఉన్నాయి. ఎంతమంది నలభయ్యో వీడియో దాకా చూశారు? డబ్బు కట్టి, పరీక్ష తేదీ పెట్టి, ఫెయిలైతే పరువు పోతుందనే భయం పెడితేనే చదివే జాతి మనది, నాతో కలిపి. ఈ దారి ఇప్పుడు ఇంకా వెడల్పయింది. జార్జియా టెక్ వాళ్ళు 2014 జనవరిలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ని పూర్తిగా ఆన్‌లైన్‌లో మొదలుపెట్టినప్పుడు మొత్తం ఖర్చు సుమారు 7 వేల డాలర్లన్నారు. కోకాపేటలో కూర్చుని చదవొచ్చు. వీసా రాదు, ఎయిర్‌పోర్టులో దండలు ఉండవు, పాఠం మాత్రం వస్తుంది. దానికి మన దగ్గర అంత గిరాకీ లేదంటే మనం కొనుక్కుంటున్నది ఏంటో అర్థమవట్లేదూ?

ఎంబీయే సంగతి వేరు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎంబీయే ఎందుకు చేస్తారని అడిగితే "మేనేజ్‌మెంట్ స్కిల్స్ కోసం" అని పైకి చెప్తారు. లోపల మాట ఏంటంటే, కోడింగ్ నుంచి బయటపడాలి. తప్పేముంది! అది లైను మారే టిక్కెట్టు, ఆ టిక్కెట్టు ఎక్కడ కొన్నామన్నదే ముఖ్యం. ఒక చిత్రం చూడండి. అహ్మదాబాదు, కలకత్తా ఐఐఎంలు 1961లో మొదలయ్యాయి. 2017 చట్టం వచ్చేదాకా అవి ఇచ్చింది డిగ్రీయే కాదు, డిప్లొమా! దాదాపు అరవయ్యేళ్ళు ఏ కంపెనీ అయినా "మీది ఎంబీయే కాదు కదండీ" అని వెనక్కి పంపిందా? అక్కడ చేరినవాళ్ళు కొన్నది కాగితం కాదు, క్లాసులో పక్కన కూర్చునే మనుషుల్నీ, క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్నీ. మన గచ్చిబౌలి ఐఎస్‌బీ కూడా అంతే. 2001లో మొదలైన రోజు నుంచీ ఏడాది కోర్సు, చేరేవాళ్ళు అప్పటికే నాలుగైదేళ్ళు పని చేసినవాళ్ళు.

మా బ్యాచ్‌లో ఒకడు ఆరేళ్ళు కోడింగ్ చేసి, అలాంటి పెద్ద స్కూల్లో ఏడాది చదివి ప్రోడక్ట్ మేనేజర్‌గా వెళ్ళాడు. ఇప్పుడు వాడు చెప్పింది ఇంజనీర్లు రాస్తున్నారు. ఇంకొకడు ఐసెట్ రాసి, ఊరి బయట కాలేజీలో ఎంబీయే చేసి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ అదే టెస్టింగ్ ఉద్యోగానికి, తనకంటే జూనియర్ కింద చేరాడు. ఇద్దరి సర్టిఫికెట్లు పక్కపక్కన పెడితే రెండోవాడిదే చట్టప్రకారం అసలైన ఎంబీయే, మొదటివాడిది కాదు :)

ఇక ఎంటెక్. మనవాళ్ళు దీన్ని ఎందుకు ఇంత చిన్నచూపు చూస్తారో నాకర్థం కాదు. గేట్ రాసి మంచి ర్యాంకుతో ఐఐటీలోనో, ఎన్ఐటీలోనో చేరితే, మనం డబ్బు కట్టడం అటుంచి, నెలకి 12,400 రూపాయల స్టైపెండు వాళ్ళే ఇస్తారు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. అదే స్కోరు మీద కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఉద్యోగాలకీ పిలుస్తాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్ళు వాళ్ళ ప్రవేశపరీక్ష వాళ్ళు పెట్టుకుంటారు. పొలం తాకట్టు పెట్టక్కర్లేని ఒకే ఒక్క పెద్ద చదువు ఇది. ఇబ్బందల్లా ఒకటే, ఇక్కడ సీటు డబ్బుతో రాదు. ఏడాది పాటు కూర్చుని, డిస్క్రీట్ మ్యాథ్స్ నుంచి మొదలుపెట్టి చదవాలి. కన్సల్టెన్సీ వాడికి ఇందులో కమీషన్ ఏమీ లేదు, కాబట్టి అమీర్‌పేట గోడల మీద ఎమ్మెస్‌కి ఉన్నన్ని పోస్టర్లు దీనికి కనిపించవు. అమెరికా చదువుకి "ఫ్రీ కౌన్సెలింగ్" ఎలా ఇస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? వాళ్ళకి డబ్బిచ్చేది చాలాసార్లు అవతల యూనివర్సిటీ. బట్టల కొట్టువాడు "ఈ రంగు మీకు బాగుంటుందండీ" అన్నట్టే ఉంటుంది ఆ సలహా.

(ఊళ్ళో మామూలు కాలేజీల్లో చేసే ఎంటెక్ గురించి నేను మాట్లాడట్లేదు. లెక్చరర్ ఉద్యోగానికి మాస్టర్స్ తప్పనిసరి అన్నాక చాలామంది అలా చేశారు. అది ఇంకో పెద్ద కథ.)

మా టీములో ఒకమ్మాయి ఉంది, అనంతపురం వైపు. ట్రిపుల్ఈ చదివి మూడేళ్ళు మాన్యువల్ టెస్టింగ్ చేసింది. రోజూ పొద్దున్న నాలుగున్నరకి లేచి గేట్ కంప్యూటర్ సైన్స్ పేపర్‌కి చదివింది. ర్యాంకు వచ్చింది, సీటూ వచ్చింది. అప్పుడు ఇంట్లో వాళ్ళన్నారట, "ఎంటెక్ చేస్తే అంతకంటే పెద్ద చదువు చదివిన అబ్బాయిని వెతకాలమ్మా, కట్నం ఎక్కడికి పోతుందో తెలుసా?" అని. ఇదే మాట నేను వేరే ఇళ్ళల్లో కూడా విన్నాను, జిల్లాలు మారాయి, మాట మారలేదు. అబ్బాయి ఎమ్మెస్ చేస్తే రేటు పెరుగుతుంది, అమ్మాయి ఎంటెక్ చేస్తే ఖర్చు పెరుగుతుంది. ఆ అమ్మాయి చేరింది. చేరేముందు ఇంట్లో మూడు నెలలు మాటల్లేవు. ఇప్పుడు బయటికొచ్చి, స్టోరేజీ సాఫ్ట్‌వేర్ రాసే టీములో పని చేస్తోంది. ఇలాంటివాళ్ళని చూసినప్పుడు మాత్రం, చదువు గురించి నేను చెప్పే వ్యంగ్యాలన్నీ నోట్లోనే ఉండిపోతాయి.

సరే, ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, పోయిన ఏడాది, అంటే 2025 వేసవిలో, ఈ ప్రశ్న నా సొంత ఇంటికే వచ్చింది. మా బాబాయ్ కొడుకు. రెండేళ్ళ క్రితం బీటెక్ అయ్యి, హైదరాబాదులోనే చిన్న ఉద్యోగం. అమెరికాలో ఒక యూనివర్సిటీ నుంచి డేటా సైన్స్ ఎమ్మెస్‌కి అడ్మిట్ వచ్చింది. మొత్తం ఖర్చు 45 లక్షలు. అందులో 40 లక్షలు అప్పు. మాది తెనాలి పక్కన, బాబాయ్‌కి ఉన్నది రెండెకరాల చిల్లర, వరి, దాని మీద మినుము. ఆ పాసుపుస్తకం బ్యాంకులో పెట్టడానికి ఆయన అప్పటికే సిద్ధం. నాకు ఫోన్ చేసింది సలహా కోసం కాదు, "ఏ బ్యాంకులో వడ్డీ తక్కువో కనుక్కోరా అబ్బాయ్" అని.

శనివారం వాణ్ణి ఇంటికి పిలిచి, లెక్క కాగితం మీద పెట్టమన్నాను. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ళు. నెలకి కట్టాల్సింది సుమారు 55 వేలు. చదివే రెండేళ్ళ వడ్డీ కూడా అసల్లో కలిస్తే 60 వేలు దాటుతుంది. అమెరికాలో ఉద్యోగం వస్తే ఇది నెలకి ఏడొందల డాలర్ల మాట, రెండు మూడేళ్ళు గట్టిగా పట్టుకుంటే తీరిపోతుంది. నాతో చదివినవాళ్ళు చాలామంది అలాగే తీర్చారు, ఇళ్ళు కట్టారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశారు. దాన్ని నేనెప్పుడూ తీసిపారెయ్యను. కానీ అదే మనిషి వెనక్కొచ్చి ఇక్కడ నెలకి యాభై అరవై వేల ఉద్యోగంలో చేరితే, జీతం మొత్తం బ్యాంకుకే. అంటే ఈ అప్పు చదువు మీద అప్పు కాదు. అక్కడ ఉండనిస్తారు అనే నమ్మకం మీద అప్పు.

ఆ నమ్మకం ఎంత? ఇదీ లెక్కేశాం. చదువయ్యాక పని చెయ్యడానికి ఓపీటీ ఒక ఏడాది, సైన్సూ ఇంజనీరింగ్ వాళ్ళకి 2016 నుంచి ఇంకో రెండేళ్ళు. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఈ మూడేళ్ళలో హెచ్-1బి తగలాలి. ఏడాదికి 65 వేలు, అమెరికా మాస్టర్స్ వాళ్ళకి ఇంకో 20 వేలు. 2025 మార్చి లాటరీకి అర్హమైన దరఖాస్తులు సుమారు 3 లక్షల 44 వేలు, తీసిన చీట్లు లక్షా 20 వేలు. ముగ్గురిలో ఒకరికి కొంచెం ఎక్కువ. మూడుసార్లు వేసే అవకాశం దొరికిందనుకుందాం. మూడుసార్లూ తగలకుండా పోయే అవకాశం మూడింట రెండు, మళ్ళీ మూడింట రెండు, మళ్ళీ మూడింట రెండు. అంటే ఇరవయ్యేడింట ఎనిమిది. ఉద్యోగం ఉండి, బాగా పని చేస్తూ కూడా, వందలో దాదాపు ముప్పైమంది పెట్టె సర్దుకోవాలి. మాస్టర్స్ వాళ్ళకున్న ఆ అదనపు చీట్లు కలిపితే కొంచెం నయం, అంతే.

అది కూడా పాత లెక్క. ఆ ఏడాది మే నెలాఖర్లో స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల స్లాట్లు ఆపేశారు, జూన్‌లో మళ్ళీ తెరిచారు. సెప్టెంబర్లో కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చింది. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్ళకి అది వర్తించదని అక్టోబర్లో వివరణ ఇచ్చారు, కానీ ఆ నెల రోజులు ఎంతమంది తల్లిదండ్రులు నిద్రపోయుండరు! డిసెంబర్లో, లాటరీలో జీతం స్థాయి ఎక్కువున్నవాళ్ళకి ఎక్కువ అవకాశం ఇచ్చే నియమం ఖరారు చేశారు. అప్పుడే చదువయ్యి మొదటి మెట్టు మీదున్న కుర్రాడికి దానివల్ల తగ్గేదే తప్ప పెరిగేది లేదు. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు. 2023-24లో అక్కడ చదువుకున్న మన దేశపు విద్యార్థులు 3 లక్షల 31 వేల పైమాటే, చైనాని దాటేశాం. అంతమంది ఒకే తలుపు దగ్గర నిలబడితే, తలుపు వెడల్పు మన చేతుల్లో ఉండదు.

తలుపు దొరక్కపోతే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. 2011లో ట్రై వ్యాలీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్ళకి ట్రాకర్లు కట్టారు. 2019లో ఫార్మింగ్‌టన్ అనే యూనివర్సిటీని అక్కడి ప్రభుత్వమే వలగా పెట్టిందని బయటపడింది, పట్టుబడ్డవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. తెలిసి వెళ్ళారా, తెలియక వెళ్ళారా అని ఇక్కడ టీవీల్లో వాదించుకున్నాం. నెలకి అరవై వేలు కట్టాల్సినవాడు స్టేటస్ నిలబెట్టుకోవడానికి ఎక్కడైనా చేరతాడు, అది వాదన అక్కర్లేని సంగతి.

మావాడు అన్నీ విని ఒకటే అన్నాడు. "అన్నయ్యా, నువ్వు వెళ్ళకుండానే బాగున్నావు. కానీ నీకప్పుడు కంపెనీలు క్యాంపస్‌కి వచ్చి వందలమందిని తీసుకున్నాయి. మా కాలేజీలో ఆఫర్ లెటర్ ఇచ్చి ఏడాది దాకా జాయినింగ్ ఇవ్వలేదు. నువ్వు ఎక్కిన బస్సు ఇప్పుడు రావట్లేదు."

నిజమే కదా. దీనికి నా దగ్గర లెక్క లేదు. ఇరవయ్యేళ్ళ క్రితం ఈసీఈ వాణ్ణి తీసుకుని జీతమిచ్చి నేర్పించిన పరిశ్రమ ఇప్పుడు అంత ఓపికతో లేదు. చిన్న చిన్న కోడు ముక్కలు రాసి నేర్చుకునే పనులన్నీ ఏఐ చేసిపెడుతుంటే, కొత్తవాడు ఎక్కడ నేర్చుకోవాలన్నది నాకూ పెద్ద ప్రశ్నే. అందుకే వాడిని చదవొద్దు అనలేదు. నేనడిగింది ఇంకోటి. "డేటా సైన్సే ఎందుకు?" కాసేపు ఆలోచించి, "అప్లికేషన్ నింపేటప్పుడు కన్సల్టెన్సీలో అది పెట్టమన్నారు అన్నయ్యా" అన్నాడు. ఇద్దరం కలిసి ఆ యూనివర్సిటీ కోర్సుల జాబితా తెరిచి చూశాం. మొదటి సెమిస్టర్లో పైథాన్ పరిచయం, స్టాటిస్టిక్స్ పరిచయం, డేటాబేస్ పరిచయం. వాడు రెండేళ్ళుగా ఆఫీసులో రాస్తున్నదే పైథాను! పది లక్షలు పెట్టి తనకి తెలిసినదాన్ని పరిచయం చేయించుకోబోతున్నాడు. అది చూశాక వాడే నవ్వాడు. 11 శాతం వడ్డీకి నవ్వనివాడు ఆ జాబితాకి నవ్వాడు.

చివరికి అడ్మిట్‌ని తర్వాతి సెషన్‌కి వాయిదా వేయించుకున్నాడు, యూనివర్సిటీ ఒప్పుకుంది. ఈలోపు గేట్‌కి చదువుతానన్నాడు. ర్యాంకు వస్తే ఇక్కడే, రాకపోతే అప్పుడు ఏ సబ్జెక్టు కావాలో తెలుసుకుని వేరే యూనివర్సిటీలకి పెడతానన్నాడు. గట్టిగా చదువుతున్నాడా అంటే, శనివారాలు వస్తున్నాడు, గ్రాఫులూ, ఆటోమాటా అడుగుతున్నాడు. వాటిల్లో సగం నాకూ మళ్ళీ చదువుకుంటే గానీ చెప్పడం రావట్లేదు.

బాబాయ్‌కి మాత్రం ఇదంతా నచ్చలేదు. ఊళ్ళో అప్పటికే ముగ్గురికి చెప్పేశాడట, మావాడు అమెరికా వెళ్తున్నాడని. వాళ్ళ పక్కింటి కుర్రాడు ఆ ఆగస్టులో వెళ్ళాడు, టెక్సాస్. ఆయన మా అమ్మకి ఫోన్ చేసి, "పొలం ఎందుకు వదినా ఉంది, వాడికోసమే కదా. మీవాడు మధ్యలో అడ్డుపుల్ల వేశాడు" అన్నాడట. పిన్ని మాత్రం వెనకనుంచి ఏమీ అనలేదట. పాసుపుస్తకం ఇంకా బీరువాలోనే ఉంది. నాతో బాబాయ్ "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడట్లేదు, పోయిన దీపావళికి ఫోన్ చేస్తే పిన్నికి ఇచ్చేశాడు.